ఫోకస్ సరిచేయండి

బాబూ, ఆ కెమెరాని కాసేపు ఎక్కడైనా ఆనించి పెట్టు నాయనా, నీకు చెయ్యి నొప్పి పుట్టకపోయినా నాకు తల తిరుగుతోంది, అని లేచి అరవాలనిపిస్తోంది. అరవలేను. ఇది పత్రికలవాళ్ళకి వేసిన పొద్దుటి ఆట, చుట్టూ ఉన్న పాతికమందీ నాలాగే ఒళ్ళో నోటుబుక్కులు పెట్టుకుని పెద్దమనుషుల్లా కూర్చున్నారు, పైగా ఈ సినిమా తీసినవాడు నా సొంత తమ్ముడు. తెర మీద నలభై ఏళ్ళ మనిషొకడు అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. గంట నుంచీ అదే పని. ఒక్క అట్టపెట్టె సర్దేలోపల కెమెరా వాడి చుట్టూ గానుగెద్దులా పదకొండుసార్లు తిరిగింది, లెక్కపెట్టాను, ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివి లెక్కపెట్టడమే నా ఉద్యోగం. పెట్టెలో ఏముందో చూపించరా అంటే పెట్టె చుట్టూ ఏముందో చూపిస్తాడు. గోడ, గోడ మీద మేకు, మేకు నీడ, మళ్ళీ గోడ. నీడ బాగానే ఉంది, కాదనను, కానీ ఆకలేసినవాడికి కంచం తోమి మెరిపించి చూపిస్తే కడుపు నిండుతుందా? శనివారాలు కాలేజీలో పిల్లలకి సినిమా పాఠాలు చెప్తాను. మొదటి రోజే చెప్తాను, కెమెరా కదిలిందంటే దాన్ని ఒకడు కదిలించాడని అర్థం, ఎందుకు కదిలించాడో ఒక్క ముక్కలో చెప్పలేకపోతే వాణ్ణి కూర్చోబెట్టండి అని. పిల్లలు నవ్వుతారు. ఈ పాఠం నేను అందరికంటే ముందు చెప్పింది నా తమ్ముడికే, వాడికి పదహారేళ్ళప్పుడు, ఎవరో వాడి పారేసిన కెమెరా ఒకటి సంపాదించి చేతిలో పెట్టి మరీ చెప్పాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

నా పక్క సీట్లో నక్షత్రాలాయన. ఏ సినిమాకి ఎన్ని నక్షత్రాలివ్వాలో ఆయనకి పేర్లు పడేటప్పుడే తెలిసిపోతుంది, మిగతా రెండు గంటలూ చిప్స్ తింటాడు. "మూడు. మీ తమ్ముడు కదా, మూడుంపావు," అన్నాడు ఇందాక విశ్రాంతిలో, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు. అప్పుడే ఒళ్ళో ఫోను వణికింది, మా పత్రిక సబ్ ఎడిటరు. అయిదింటికల్లా ఆరొందల పదాలు కావాలట, నక్షత్రాలు మర్చిపోవద్దట, తమ్ముడుగారని మొహమాటపడొద్దట. మొహమాటమట! నాలుగేళ్ళ కిందట వాడి మొదటి సినిమాకి నేను రాసింది చదివినవాళ్ళెవరూ నా దగ్గర మొహమాటం మాటెత్తరు. "కెమెరా ఉంది, కళ్ళు లేవు." అదీ శీర్షిక. రాసినరోజు ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను, ఇద్దరికి ఫోన్ చేసి చదివి వినిపించాను కూడా. మర్నాడు వాడు మా ఇంటికొచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది, అరిచేవాళ్ళకి జవాబు చెప్పడం నాకు అలవాటే. కుర్చీలో కూర్చుని అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఎదుటి మనిషి మొహం చూడాలని లేనప్పుడు అద్దాలు తుడుస్తాడు. సీసా అడుగుల్లాంటి అద్దాలు, అవి తీశాడంటే మూరెడు అవతల ఉన్నది ఏదైనా వాడికి మసకే. అలా తుడుస్తూనే, "ఏమైనా రాయి అక్కా, నీ ఇష్టం. కళ్ళు లేవని రాశావు చూడు, అది మాత్రం నువ్వు రాయాల్సింది కాదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎక్కడ కొడితే ఎక్కడ తగులుతుందో తోడబుట్టినవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "అమ్మకే చెయ్యి ఊపనివాడివి, నువ్వు మనుషుల మీద సినిమాలు తీస్తావా?" అన్నాను. వాడు తుడవడం ఆపలేదు. "ఆ షాట్ నువ్వు కింద నుంచే చూశావక్కా. ఒకసారి పైనుంచి చూడు," అని లేచి వెళ్ళిపోయాడు. చూశారా, అమ్మ పోవడం కూడా వీడికి షాటే అనుకున్నాను. ఆ తరవాత మా మధ్య మాటల్లేవు. మొన్న కవర్లో పాసు వచ్చింది, వెనక పెన్సిలుతో ఒక్క వాక్యం. "చివరిదాకా కూర్చో అక్కా." నేను మధ్యలో లేచిపోతానని లోకమంతటికీ తెలుసు.

అమ్మయ్య, మొత్తానికి పెట్టె సర్దడం అయింది. ఆ మనిషి ఖాళీ గదిలో కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కెమెరా వాడితోపాటు కిందికి దిగింది, దిగి అక్కడే ఆగింది. నిజంగానే ఆగింది. చూస్తుండగానే గోడ రంగు మారింది, గదిలోకి సామాను వచ్చింది, ముప్ఫై అయిదేళ్ళు వెనక్కి వెళ్ళాం. పాత ఎత్తే, కానీ శుభ్రంగా చేశాడు, అది రాసుకున్నాను. ఇక్కణ్ణుంచి అంతా ఆరేళ్ళ పిల్లాడి ఎత్తులోంచి. కుర్చీ కాళ్ళు, తలుపు గడియ, బల్ల అడుగుభాగం, అక్కడ ఎవరో సుద్దతో గీసిన రైలుబండి. నా పెన్ను ఆగింది. ఆ రైలుకి అయిదు పెట్టెలు, చివరి పెట్టెకి చక్రాలు లేవు. చక్రాలు గీసేలోపల సుద్దముక్క అయిపోయింది, నాకు తెలుసు, ఎందుకంటే ఆ రైలు గీసింది నేను. ఇది మా ఇల్లు. మూడో అంతస్తులో మేమున్న రెండు గదులు, కిటికీకి నిలువు చువ్వలు, పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు. ఎంత పొగరు వీడికి! ఒక్క మాట అడక్కుండా మా ఇంటిని తెచ్చి పాతికమంది ముందు పెట్టాడు, పెట్టినవాడు సరిగ్గా పెట్టాడా అంటే అదీ లేదు. బల్ల అంత ఎత్తుండేది కాదు, గది అంత పెద్దదీ కాదు. కిందినుంచి వెడల్పు లెన్సు పెట్టి చూపిస్తే అగ్గిపెట్టె కూడా గోదాములా కనిపిస్తుంది, ఆ మాత్రం మాకూ తెలుసు. దానికి తోడు ఈ మసకొకటి. ఈ కాలం వాళ్ళందరికీ అంటుకున్న జబ్బిది, ముందున్న గుండీ నిగనిగలాడుతుంటుంది, వెనకున్న మనిషి అలుక్కుపోయి ఉంటుంది. చువ్వ మీద పాకే చీమకి కాళ్ళు లెక్కపెట్టొచ్చు, గదికి ఆ చివర తిరుగుతున్న అమ్మ మాత్రం నీలం మరక. ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ ఒంటి మీద ఉండే నీలం శాలువా రంగు, అదొక్కటీ సరిగ్గా పట్టాడు. మొహం లేదు, గొంతు ఉంది. బొత్తాలు పెట్టడానికి దగ్గరికి వచ్చినప్పుడు చేతులు కనిపించాయి, గోళ్ళు, చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న చుక్క. మళ్ళీ వెళ్ళిపోయి మరక అయిపోయింది. "అది వెనక సీనరీ కాదురా, మన అమ్మ," అని నోటుబుక్కులో రాసి, కొట్టేసి, దాని కింద "లోతు లేని ఫోకస్, ఫ్యాషన్" అని రాశాను. నక్షత్రాలాయన చిప్స్ పొట్లం చించిన చప్పుడుకి పళ్ళు పటపటా నూరుకున్నాను.

వీడు ఎక్కడికి తీసుకెళ్తున్నాడో తెలిసిపోయింది. టాక్సీ దగ్గరికి. ఆ రోజు నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, చుట్టాలకి, స్నేహితులకి, నా మొగుడికి, ఒకసారి క్లాసులో పిల్లలకి కూడా, మనుషులు బయటికి ఒకలా లోపల ఒకలా ఎలా ఉంటారో చెప్పడానికి. నాకు పదకొండు, వాడికి ఆరు. అమ్మకి ఆపరేషను, నాలుగు రోజుల్లో వచ్చేస్తానంది. నాన్న సంచి పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను సాగనంపడానికి కిందికి దిగాను, వాణ్ణి మూడు అంతస్తులు దింపి ఎక్కించడం ఎందుకని పైన పక్కింటి పిన్ని దగ్గర ఉంచారు. చలిగా ఉంది. అమ్మ టాక్సీ ఎక్కబోతూ, "వాళ్ళు అక్కడ దుప్పటి ఇస్తార్లే," అని తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది, లోపల పసుపుపచ్చ జాకెట్టు. తరవాత పైకి చూసింది. వాడు చువ్వల మధ్యలో మొహం పెట్టి నిలబడి ఉన్నాడు, తిన్నగా మా వైపే చూస్తున్నాడు. అమ్మ చెయ్యి ఊపింది. వాడు ఊపలేదు. ఇంకోసారి ఊపింది. నేను కూడా రెండు చేతులూ ఎత్తి ఊపాను, ఊపరా, ఊపరా అని. రాయిలా నిలబడ్డాడు. అమ్మ నవ్వి, "అలిగినట్టున్నాడు. వచ్చాక బతిమాలుకుంటాలే," అంది, తలుపు వేసుకుంది. వచ్చింది లేదు, బతిమాలుకుంది లేదు. అదే నేను విన్న ఆఖరి మాట. అసలు సంగతి అది కూడా కాదు, టాక్సీ మలుపు తిరిగిపోయాక నేను తలెత్తి చూస్తే, అప్పుడు ఊపుతున్నాడు వెధవ! తీరిగ్గా, వెక్కిరింతకి. పరిగెత్తుకుంటూ మూడు అంతస్తులూ ఎక్కాను. తలుపు తియ్యగానే నా మీదకి ఉరికి వచ్చాడు, నవ్వుతూ, సిగ్గులేకుండా నవ్వుతూ. చెంప మీద ఒక్కటిచ్చాను. ఏడవలేదు కూడా. శాలువా కొస పట్టుకుని నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. వాడి మొండితనం గురించి చెప్పమంటే ఇప్పటికీ ఇదే చెప్తాను. నాన్న పోయిన రోజు కూడా నలుగురిలో చెప్పాను, వాడు ఓ మూల కూర్చుని అద్దాలు తుడుచుకున్నాడు.

ఇప్పుడు వాడి చేతిలో కెమెరా ఉంది. నాకు తెలుసు వీడేం చేస్తాడో. ఊపిస్తాడు. ఆ పిల్లాడి చేత అమ్మకి చెయ్యి ఊపిస్తాడు, కింద ఎవరో నటి కళ్ళు తుడుచుకుంటుంది, వెనక వయొలిన్లు మొదలవుతాయి, హాల్లో ముక్కులు చీదుకుంటారు. సినిమాలు తీసేవాళ్ళలో సగంమంది తీసేది అందుకే, బతుకులో చెయ్యలేనిది తెర మీద చేసినట్టు చూపించుకోవడానికి. దానికి కళ అని పేరు. ఊపించు నాయనా, ఊపించు. ఊపించావో, ఆరొందల పదాలు అక్కర్లేదు, అరవై చాలు. వరసగా రెండు సినిమాలు పోగొట్టుకున్న దర్శకుడికి మూడో అవకాశం ఎవరూ ఇవ్వరు, వాడికి ఇది రెండోది. మొదటిది నేనే ముంచానని ఊళ్ళో అంటారు, ఒక్క పత్రిక ముంచితే మునిగే పడవ ఎన్నాళ్ళు తేలుతుంది అని నేనంటాను. సరే, ఇదిగో, మెట్ల మీద బూట్ల చప్పుడు, అమ్మ గొంతు, సంచి జిప్పు లాగిన శబ్దం. పిల్లాడు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ముందుకి వంగాను, పెన్ను గట్టిగా పట్టుకున్నాను. కెమెరా చువ్వల మధ్యలోంచి బయటికి దూరింది, కిందికి వంగింది, తెర మొత్తం అలుక్కుపోయింది.

మొత్తం. వెనకా ముందూ అని లేదు, గుండీ లేదు, చీమ లేదు, ఆ చివర నుంచి ఈ చివరిదాకా బూజు. బూడిదరంగు నేల లాంటిదేదో, దాని మీద నల్లటి ముద్ద ఒకటి, పక్కన పసుపుపచ్చ చుక్క, నీలం చుక్క. సెకన్లు లెక్కపెట్టాను. పది. ఇరవై. ముప్ఫై అయిదు. ఏ దర్శకుడూ, ఎంత తలతిక్క ఉన్నవాడైనా సరే, ముప్ఫై అయిదు సెకన్లు తెరంతా ఇలా వదిలెయ్యడు. కెమెరా పక్కన ఫోకస్ చూసుకునే అసిస్టెంటు నిద్రపోయినా ఎడిటింగులో ఎవడో ఒకడికి మెలకువ ఉంటుంది. అంటే ఇది ప్రొజెక్టరు. అవును, ప్రొజెక్టరే. సరిగ్గా ఈ నిమిషంలో! ముప్ఫై అయిదేళ్ళుగా నేను మోస్తున్న కేసులో ముద్దాయి నోరు విప్పే సమయానికి పైన ఉన్న ఆపరేటరు ఏ నిద్రలోనో ఉన్నాడు. వాడు ఊపించాడో లేదో నేను చూడాలి. ఇది తప్పించుకోనివ్వను. "ఫోకస్!" అని అరిచాను, ప్రెస్ షో అని కూడా మర్చిపోయి. ఎవరూ పలకలేదు, నక్షత్రాలాయన నన్ను వింతగా చూశాడు. ఆయన మోకాళ్ళు తప్పించుకుని, ఎవరి కాలో తొక్కి, తలుపు తోసుకుని బయటపడ్డాను. చివరిదాకా కూర్చో అని రాశాడు కదూ, కూర్చుందామనే ఉంది బాబూ, మీ వాళ్ళు కూర్చోనిస్తేగా. ఆపరేటరు గదికి మూడు మలుపుల మెట్లు. మోకాలు పట్టేసింది. రెండో మలుపు దగ్గర ఆగి ఆయాసపడుతూ, మా ఇంటి మెట్లు కూడా ఇలాగే ఉండేవి కదా అనుకున్నాను, అనుకుని విసుక్కుని మళ్ళీ ఎక్కాను.

ఆపరేటరు స్టూలు మీద కూర్చుని డబ్బాలోంచి భోజనం చేస్తున్నాడు. తల నెరిసిన మనిషి, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఫోకస్ పోయి నిమిషమైంది, ఇక్కడ తింటూ కూర్చుంటే ఎలాగండీ?" అన్నాను. ఆయన నిదానంగా నమిలి మింగాడు. "మీరు మూడోవారండీ. నిన్న ట్రయలు వేసినప్పుడు ఇద్దరు ఇలాగే పరిగెత్తుకొచ్చారు. కింద అక్షరాలు చూడండమ్మా." ఏ అక్షరాలు? ప్రొజెక్టరు పక్కన జానెడు అద్దపు కిటికీ ఉంది, అందులోంచి చూడమని చేత్తో చూపించాడు. చూశాను. పరాయి భాషవాళ్ళ కోసం తెర అడుగున మాటలు రాసి వేస్తారు కదా, నాకు మాటలు వినపడుతుంటే అవి చదివే పనేముంది, ఇన్నేళ్ళలో వాటి వంక చూసిందే లేదు. ఇప్పుడు చూశాను. ఆ బూజు కింద తెల్లటి అక్షరాలు, చాకుతో కోసినట్టు, చుక్క కూడా చెదరకుండా నిలబడి ఉన్నాయి. ప్రొజెక్టరు లెన్సు పక్కకి జరిగితే ముందు చెరిగిపోయేవి ఆ అక్షరాలే. శనివారం క్లాసులో మొదటి సంవత్సరం పిల్ల కూడా చెప్తుంది. "నోటుబుక్కు పట్టుకుని ఒకావిడ వస్తారని చెప్పార్లెండి డైరెక్టరుగారు," అంటున్నాడు ఆపరేటరు నా వెనక నుంచి. "ఆమెని కసురుకోవద్దు, ఆ కిటికీ దగ్గర నిలబడి చూడనివ్వండి అన్నారు. మా అక్క అన్నారు."

ఆ కిటికీలోంచి చూస్తే తెర చాలా కింద ఉంది. మూడు అంతస్తుల కింద ఉన్నట్టుంది. హాల్లో స్పీకర్ల మోత ఈ గదిలోకి సన్నగా వస్తోంది. పిన్ని గొంతు, "చెయ్యి ఊపు బాబూ, అమ్మ చూస్తోంది." పిల్లాడి గొంతు, "ఏది?" లోపల పొయ్యి మీద ఏదో పొంగిన చప్పుడు, పిన్ని అడుగులు దూరమయ్యాయి. "అమ్మ ఏది? పిన్నీ, ఏది అమ్మ?" కింద అక్షరాల్లో కూడా అంతే ఉంది. ఎవరూ చెప్పలేదు. నల్లముద్ద టాక్సీ. పసుపుపచ్చ చుక్క. నీలం చుక్క. చూస్తున్నకొద్దీ ఎవరెవరో తెలియని రంగులు. నీలం చుక్క ఎగిరెగిరి పడుతోంది, రెండు పక్కలా ఏవో ఊపుతోంది, అది నేను, నేనే, రాయిలా నిలబడ్డావేంరా అని తిట్టుకుంటూ ఊపుతున్నాను. రెండు షాట్లు పక్కపక్కన పెడితే రెంటిలోనూ లేని మూడో సంగతి పుడుతుంది, సినిమా అంతా ఆ ఒక్క ఉపాయం మీద నడుస్తుంది, అని బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్తాను. వాడికి అద్దాలు వచ్చింది మూడో తరగతిలో. బోర్డు మీది లెక్కలు ఎక్కించుకోవడం లేదు, మందమతి అని టీచరు కబురు పంపితే నాన్న కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. గోడ మీది మొదటి అక్షరం, అరచెయ్యంత అక్షరం, అది కూడా చదవలేకపోయాడు. పుట్టినప్పటి నుంచీ ఇంతే అయ్యుంటుంది, ఇన్నాళ్ళూ మీరెవరూ చూసుకోలేదా అని డాక్టరు నాన్నని కేకలేశాడు. నేను విన్నాను. అమ్మ పోయింది వాడి ఒకటో తరగతిలో. రెండు ముక్కలూ నా దగ్గరే ఉన్నాయి. నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తోంది, ఇరవై రెండేళ్ళు పరాయివాళ్ళ ముక్కలన్నీ అతికించి చూశాను, తప్పులు పట్టాను, శీర్షికలు పెట్టాను, ఈ రెండూ మాత్రం ఒక్కనాడు పక్కపక్కన పెట్టి చూడలేదు. అందరికీ కనిపించేది ఇంతేననుకున్నాడు వాడు. ఆరేళ్ళవాడు. వాడికేం తెలుసు.

నల్లముద్ద కదిలింది. పసుపుపచ్చ దాంట్లో కలిసిపోయింది, రెండూ తెర అంచు దాటి వెళ్ళిపోయాయి. నేల మీద నీలం చుక్క ఒక్కటే మిగిలింది. పిల్లాడు ఊపిరి వదలడం వినిపించింది, అబ్బ, ఉంది, వెళ్ళలేదు, అన్నట్టు. అప్పుడు కింద నుంచి ఒక చెయ్యి తెర మీదకి లేచింది. చిన్న చెయ్యి, కెమెరాకి బెత్తెడు దూరంలో, స్పష్టంగా, అరచేతి గీతలన్నీ కనిపిస్తూ, బొటనవేలి మీద సిరా మరకతో సహా. ఆ చెయ్యి నీలం చుక్కకి ఊపింది. ఎంతసేపు ఊపిందో నేను లెక్కపెట్టలేదు. ఊపింది నాకు. అమ్మ శాలువా కప్పుకున్న నాకు. అమ్మ వెళ్ళలేదని, కిందే ఉందని, పైకి వస్తుందని. నా ఎదురుగా అద్దం మీద ఆవిరి పట్టింది, మోచేత్తో తుడిచాను. కెమెరా వెనక్కి తిరిగింది, ఊగుతూ, తడబడుతూ గదిలోంచి పరిగెత్తింది, ఈసారి ఎందుకు కదిలిందో ఒక్క ముక్కలో చెప్పగలను. మెట్ల మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. వెలుతుర్లో నీలం మరక. పిల్లాడు నవ్వాడు, కనిపించలేదు, వినిపించింది. మరక దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, అంచులు తేరుకున్నాయి, శాలువా అల్లికలో దారాలు కనిపించాయి, పైన మొహం కనిపించింది. రెండు గంటల సినిమాలో దూరం నుంచి వచ్చి ఫోకస్‌లో పడిన మొదటి మొహం. పదకొండేళ్ళ పిల్ల, రెండు జడలు, చెంపల మీద కన్నీటి చారలు, అమ్మ కాదు. పిల్లాడి నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల చెయ్యి పైకి లేచింది. కట్. తెర నల్లగా అయిపోయింది, పేర్లు మొదలయ్యాయి. కట్ చేశాడు! దెబ్బకి ముందు కట్ చేశాడు. వాడు జన్మలో ఎక్కడా సరైన చోట కట్ చేసినవాడు కాదు, నాలుగేళ్ళ కిందట అది కూడా రాశాను.

"ఇప్పుడు ఫోకస్ బానే ఉందాండీ?" అన్నాడు ఆపరేటరు డబ్బా మూత పెడుతూ. బాగుందన్నాను. మెట్లు దిగుతుంటే ఫోను మళ్ళీ వణికింది. "ఈ సినిమాకి నేను రాయను. ఇందులో నాకు వేషం ఉంది," అని సబ్ ఎడిటరుకి కొట్టి పంపాను. లాబీలో జనం చిన్న గుంపులుగా నిలబడి ఉన్నారు, నక్షత్రాలాయన ఎవరితోనో నాలుగు అంటున్నాడు. ఆ చివర, పోస్టరు పక్కన, గోడకి ఆనుకుని మా వాడు. జుట్టు నెరిసింది, నాలుగేళ్ళలో ఇంత నెరవాలా? అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తలెత్తి తిన్నగా నా వైపే చూశాడు. నేను చెయ్యి ఊపాను. వాడు ఊపలేదు. మళ్ళీ ఊపబోయి ఆగాను. పిలవచ్చు, ఒక్క కేక వేస్తే చాలు, కానీ పిలవలేదు, నడిచాను. ఎంత దగ్గరికొస్తే వాడికి మనిషి మనిషిగా కనిపిస్తుందో నలభై ఏళ్ళ పైబడి తోడబుట్టినదాన్ని నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఎవరి భుజాలో తగులుతున్నా ఆగకుండా నడిచాను, మూరెడు దూరందాకా, వాడి ఊపిరి తగిలేదాకా.

"అక్కా?" అన్నాడు. "పైకెళ్ళావా?"

"దెబ్బేదిరా?" అన్నాను. "ఆ దెబ్బ షాట్ ఏది?"

"తీశామక్కా. పన్నెండు టేకులు." తుడుస్తున్న చేతులు ఆగాయి. "ఆ పిల్లకి కొట్టడం రాలేదు. ప్రతిసారీ చెయ్యెత్తి వాడి మొహం చూసి ఏడ్చేసేది. ఇంక వదిలేశాను."

"నేను ఒక్క టేకులో కొట్టాను కదరా," అన్నాను.

వాడు అద్దాలు కళ్ళ దాకా ఎత్తాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

"పెట్టుకోకు," అన్నాను. "ఇంకాసేపు తుడుస్తూ ఉండు."